దిక్కు మారే చోటు

సూర్యుణ్ని పరిశీలించే మన నౌక ఆదిత్య ఎల్1 ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: "అంతరిక్షమంటే శూన్యం కదండీ! శూన్యంలో గాలేమిటి? ఆ గాలిలో మళ్లీ సరిహద్దులేమిటి?"

అడగాల్సిన ప్రశ్నే. మనం ఎరిగిన సరిహద్దులకు గుర్తులుంటాయి. పొలానికి గట్టు ఉంటుంది, ఊరికి పొలిమేర రాయి ఉంటుంది, రాష్ట్రాల మధ్య ఏరో చెక్‌పోస్టో ఉంటుంది. సూర్యుడికీ మనకూ నడుమ ఉన్న 15 కోట్ల కిలోమీటర్లలో అలాంటి గుర్తు ఒక్కటీ లేదు. కెమెరా పెట్టి చూస్తే నలుపు తప్ప ఏమీ కనబడదు. అయినా శాస్త్రవేత్తలు "ఫలానా రోజు ఫలానా నిమిషంలో సరిహద్దు దాటింది" అని నమ్మకంగా చెప్పగలుగుతున్నారు.

కంటికి ఆననిదాన్ని వాళ్లు ఎలా పట్టుకుంటున్నారు? ఈ అధ్యాయం దాని గురించే. జవాబును ఒక్క మాటలో ముందే చెప్పుకోవచ్చు. అంతరిక్షంలో సరిహద్దు ఒక్క సాక్షితో తేలదు. వేర్వేరు పరికరాలు, వేర్వేరు చోట్ల ఉన్న నౌకలు, వేర్వేరు రోజుల కొలతలు ఒకే మాట చెప్పినప్పుడే అది తేలుతుంది.

శూన్యంలో గాలి

మనం పీల్చే గాలిలో ఒక ఘనపు సెంటీమీటరు తీసుకుంటే అందులో ఉండే అణువుల సంఖ్య ఒకటి పక్కన పంతొమ్మిది సున్నాలు పెట్టినా చాలదు. భూమి దగ్గరి అంతరిక్షంలో అంతే చోటు తీసుకుంటే సగటున అయిదారు కణాలు దొరుకుతాయి. మన లెక్కలో అది శూన్యమే. కానీ ఆ అయిదారు కణాలు ఊరుకోవు. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి నుంచి బయటికి పరుగెడుతుంటాయి. ఒక్కోసారి ఆ వేగం 700, 800 కిలోమీటర్లకు చేరుతుంది. దీన్నే సౌర పవనం అంటున్నాం. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా పొర పది లక్షల డిగ్రీలకు మించిన వేడితో ఉంటుంది. ఆ వేడిలో పరమాణువులు ఎలక్ట్రాన్లుగా, ప్రోటాన్లుగా విడిపోతాయి. సూర్యుడి ఆకర్షణ సైతం వాటిని పూర్తిగా పట్టి ఉంచలేదు. అలా తప్పించుకున్న కణాలు నాలుగైదు రోజుల్లో మనదాకా వస్తాయి.

ఈ గాలి ఉందని ముందుగా చెప్పినవి తోకచుక్కలు. తోకచుక్క ఎటు పోతున్నా దాని తోక సూర్యుడికి ఎదురు దిక్కుకే తిరిగి ఉంటుంది. దాన్ని ఏదో అటు నెడుతోందని 1951లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ బియర్మన్ వాదించాడు. 1958లో యూజీన్ పార్కర్ అనే యువ అమెరికన్ శాస్త్రవేత్త ఆ నెట్టే ప్రవాహం ఎలా పుడుతుందో లెక్కకట్టి చూపాడు. ఆయన వ్యాసాన్ని పరిశీలించిన నిపుణులిద్దరూ వద్దన్నారు. ఆ పత్రికకు అప్పుడు సంపాదకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ వాదన ఆయనకూ నచ్చలేదు. కానీ లెక్కలో తప్పు ఎవరూ చూపలేకపోయారు కనుక అచ్చువేశాడు. తర్వాత సోవియట్ లూనా నౌకలు 1959లోనూ, శుక్రగ్రహం వైపు వెళ్లిన అమెరికన్ మారినర్-2 1962లోనూ ఆ గాలిని నేరుగా కొలిచాయి.

సౌర పవనం ఒంటరిగా రాదు. సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని వెంట ఈడ్చుకొస్తుంది. విద్యుదావేశం ఉన్న కణాలు అయస్కాంత బలరేఖల్ని విడిచి పక్కకు పోలేవు. అందుకే కణాలు ఎటు పోతే రేఖలూ అటే సాగుతాయి. మనదాకా వచ్చేసరికి ఈ క్షేత్రం చాలా బలహీనపడుతుంది, మామూలు రోజుల్లో 5 నానోటెస్లాలకు అటూ ఇటూ. హైదరాబాద్‌లో దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రం 40 వేల నానోటెస్లాల పైమాటే. అంటే మనం వెతుకుతున్నది దిక్సూచి ఎరిగిన బలంలో కొన్ని వేల వంతుల్లో ఒక్కటి.

బలం ఎంత తక్కువైనా దానికొక దిక్కు ఉంటుంది. బలరేఖ సూర్యుడి నుంచి బయటికైనా చూపుతుంది, సూర్యుడి వైపైనా చూపుతుంది. ఒక దిక్కు రేఖలున్న ప్రాంతం ముగిసి, ఎదురు దిక్కు రేఖలున్న ప్రాంతం మొదలయ్యే చోటే మన సరిహద్దు.

పరికిణీ అంచు

1963 నవంబరు 27న అమెరికా ఐఎంపీ-1 అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది. భూమి క్షేత్రం ప్రభావం దాటి బయటికి వెళ్లి, సౌర పవనంలోని అయస్కాంత క్షేత్రాన్ని అది నెలల తరబడి కొలిచింది. జాన్ విల్కాక్స్, నార్మన్ నెస్ అనే శాస్త్రవేత్తలు ఆ కొలతల్ని వరసగా పేర్చి చూశారు. కొన్ని రోజులపాటు క్షేత్రం సూర్యుడి నుంచి బయటికి చూపింది. తర్వాత ఉన్నట్టుండి తిరగబడి, మరికొన్ని రోజులు సూర్యుడి వైపు చూపింది. భూమి మీదినుంచి చూస్తే సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 27 రోజులు పడుతుంది. ఆ 27 రోజుల్లో నాలుగు భాగాలు కనిపించాయి. తర్వాతి చుట్టులోనూ అదే వరస కొనసాగింది. 1965లో వాళ్లు ఈ సంగతి ప్రకటించారు. అంతరిక్షంలోని సరిహద్దుకు అది తొలి గట్టి సాక్ష్యం. ఒక్కసారి కనిపించినందువల్ల ఎవరూ నమ్మలేదు, 27 రోజులకొకసారి తిరిగొచ్చినందువల్ల నమ్మారు.

ఇక ఆ సరిహద్దు ఆకారం ఏమిటన్న ప్రశ్న మిగిలింది. సూర్యుడి ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువం దాకా నిలువునా చీలికలున్నాయా? లేక మరేదైనా రూపమా?

పరికిణీ కట్టుకున్న చిన్నపిల్ల ముంగిట్లో గిరగిరా తిరగడం గుర్తు తెచ్చుకోండి. తిరిగేకొద్దీ పరికిణీ గుండ్రంగా పైకి లేచి పరుచుకుంటుంది. అయితే దాని అంచు పళ్లెంలా చదునుగా ఉండదు. ఒకచోట ఎత్తుగా లేచి, పక్కనే కిందికి వాలి, మళ్లీ లేస్తుంది. పిల్ల పక్కన ఆ అంచు ఎత్తులోనే కళ్లు ఉండేలా ఒకరు కూర్చున్నారనుకుందాం. వాళ్లు కదలకపోయినా, అంచు లేచినప్పుడు వాళ్లకు పరికిణీ అడుగువైపు కనబడుతుంది, వాలినప్పుడు పైవైపు కనబడుతుంది. పిల్ల ఒక చుట్టు తిరిగేలోగా ఇది రెండుసార్లో నాలుగుసార్లో జరుగుతుంది. అంచుకు ఎన్ని ఎగుడుదిగుళ్లుంటే అన్నిసార్లు.

సూర్యుడి చుట్టూ ఉన్నది ఇలాంటి పొరే. సూర్యుడి ఉత్తరార్ధం నుంచి వచ్చే రేఖలకు ఒక దిక్కు, దక్షిణార్ధం నుంచి వచ్చే రేఖలకు ఎదురు దిక్కు. రెండూ కలిసే చోట పలుచని విద్యుత్ పొర ఏర్పడి గ్రహాలన్నిటినీ దాటి సాగుతుంది. దీన్ని శాస్త్రవేత్తలు హీలియోస్ఫియరిక్ కరెంట్ షీట్ అంటారు. తెలుగులో సౌర విద్యుత్ పొర అనుకుందాం. సూర్యుడి అయస్కాంత అక్షం కాస్త వాలి ఉండటంవల్ల, కరోనాలో క్షేత్రం ఎగుడుదిగుడుగా ఉండటంవల్ల ఈ పొర మడతలు పడుతుంది. సూర్యుడు తిరుగుతుంటే మడతలూ తిరుగుతాయి. భూమి ఒకసారి పొర పైవైపున, మరోసారి అడుగున ఉంటుంది. ఐఎంపీ-1 చూసిన నాలుగు భాగాలు ఇవే.

పోలిక ఎంత బాగున్నా రుజువు రుజువే. పొర నిజంగా అలా ఉంటే, దాని మడతలకు మించిన ఎత్తుకు వెళ్లిన నౌకకు ఒకే దిక్కు కనబడాలి. 1976లో గురుగ్రహాన్ని దాటి శనివైపు వెళుతున్న పయనీర్-11 సూర్యుడి మధ్యరేఖకు సుమారు 16 డిగ్రీల పైకి లేచింది. భూమి దగ్గర దిక్కు మారుతూనే ఉన్న ఆ రోజుల్లో, అక్కడ దిక్కు మారడం ఆగిపోయింది. దాంతో నిలువు చీలికల ఊహ పోయింది, ముడతలు పడ్డ పొర నిలిచింది. తర్వాత 1990లో బయలుదేరిన యులిసిస్ సూర్యుడి ధ్రువాల మీదుగా వెళ్లి దీన్ని మరింత బలపరిచింది.

ఒక్క సాక్షి ఎందుకు చాలదు

భూమి దగ్గర ఈ పొర మందం సుమారు పదివేల కిలోమీటర్లు. సెకనుకు 400 కిలోమీటర్ల గాలిలో అది నౌక మీదుగా దాటిపోవడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ కొద్ది సెకన్లలో క్షేత్రం దిక్కు తిరగబడుతుంది. అలా తిరగబడిన ప్రతి చోటా పెద్ద సరిహద్దే అనుకోవచ్చా? అనుకోకూడదు. సౌర పవనంలో దిక్కు మార్పులు గంటకోసారి, కొన్నిసార్లు అంతకంటే తరచుగా వస్తాయి. చాలావాటికి సూర్యుడి రెండు అర్ధగోళాలతో సంబంధమే లేదు.

2018 ఆగస్టు 12న బయలుదేరిన పార్కర్ సోలార్ ప్రోబ్ సూర్యుడికి దగ్గరగా వెళ్లేకొద్దీ ఇలాంటివి గుంపులు గుంపులుగా చూసింది. బలరేఖ ఒకచోట వెనక్కి మడతపడి, మళ్లీ తిన్నగా సాగిపోతుంది. మడత మీదుగా నౌక వెళ్లినప్పుడు దిక్కు తిరగబడినట్టే కనిపిస్తుంది. కానీ అది సరిహద్దు కాదు, అదే రేఖ మడత.

రెండింటికీ తేడా చెప్పేవి ఎలక్ట్రాన్లు. సూర్యుడి నుంచి వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లు బలరేఖ వెంటే సాగుతాయి. రేఖ బయటికి చూపుతుంటే అవి రేఖ దిక్కుకే పోతాయి. రేఖ సూర్యుడి వైపు చూపుతుంటే రేఖకు ఎదురుగా పోతాయి. నిజమైన సరిహద్దు దాటినప్పుడు ఈ సంబంధమే మారిపోతుంది, అంతకుముందు రేఖ దిక్కుకు పోయిన ఎలక్ట్రాన్లు ఇప్పుడు ఎదురు పోతాయి. మడతలో ఆ సంబంధం మారదు. రేఖ వంగితే ఎలక్ట్రాన్లూ దానితోపాటే వంగుతాయి. కనుక అయస్కాంతమాపకం చెప్పినదాన్ని ఎలక్ట్రాన్ల పరికరం ఒప్పుకుంటేనే సరిహద్దు దాటిందని రాసుకుంటారు.

పరికరాలు రెండైనా నౌక ఒక్కటే అయితే మరో చిక్కు ఉంది. మార్పు ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది, పొర ఏ కోణంలో వాలి ఉందో, ఎటు కదులుతోందో తేలదు. దానికి కనీసం నాలుగు చోట్లనుంచి చూడాలి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2000లో పంపిన క్లస్టర్ నౌకలు నాలుగు కావడానికి కారణం ఇదే. నాలుగింటి మీదుగా పొర దాటిన వేళల్లో తేడా చూస్తే దాని వాలు, వేగం, మందం అన్నీ తేలతాయి.

అసలు దిక్కే మారకుండా సరిహద్దు దాటిన సందర్భం కూడా ఒకటుంది. వోయేజర్-1 నౌక సౌర పవనపు చివరి హద్దు దాటి నక్షత్రాల మధ్యకు వెళ్లింది 2012 ఆగస్టు 25న. అక్కడ క్షేత్రం దిక్కు మారుతుందని అందరూ అనుకున్నారు, మారలేదు. సూర్యుడివైన కణాలు హఠాత్తుగా తగ్గిపోయి, బయటినుంచి వచ్చే విశ్వకిరణాలు పెరిగాయి. ఒక సాక్షి అవునంటే మరొకటి కాదంది. ఏడాదికి పైగా వాదన నడిచింది. చివరికి 2013లో చుట్టూ ఉన్న ప్లాస్మా (విద్యుదావేశ కణాల సమూహం) కంపించిన తీరు నుంచి దాని సాంద్రత లెక్కకట్టారు. అది సౌర పవనానికి ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడుగాని హద్దు దాటిందని ఒప్పుకోలేదు.

శ్రీహరికోట నుంచి వెళ్లిన సాక్షి

2023 సెప్టెంబరు 2న ఉదయం 11 గంటల 50 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ57 ఆదిత్య ఎల్1ను మోసుకెళ్లింది. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున, ఎల్1 అనే చోటు చుట్టూ తిరిగే కక్ష్యలోకి చేరింది. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలకు భూమి నీడ, భూమి క్షేత్రం అడ్డొస్తాయి. ఎల్1 దగ్గర ఆ రెండూ లేవు. మనదాకా రాబోయే గాలి ముందు అక్కడ తగులుతుంది.

ఆదిత్యలోని ఏడు పరికరాల్లో నాలుగు దూరం నుంచి సూర్యుణ్ని చూస్తాయి. మిగతా మూడు తమ మీదుగా పోయే గాలిని కొలుస్తాయి. యాస్పెక్స్, పాపా అనేవి కణాలను లెక్కిస్తాయి, మాగ్ అనేది అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. నౌకలోని విద్యుత్ తీగలు, మోటార్లు కూడా అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. అయిదు నానోటెస్లాలు కొలవాల్సిన చోట అది పెద్ద అడ్డంకి. అందుకే మాగ్ పరికరాన్ని 6 మీటర్ల పొడవైన మడత చేయికి అమర్చారు. 2024 జనవరి 11న ఆ చేయి 9 సెకన్లలో విచ్చుకుంది. దాని మీద 3 మీటర్ల దగ్గర ఒకటి, చివర ఒకటి, రెండు మాపకాలున్నాయి. నౌక పుట్టించే క్షేత్రం దగ్గరున్న మాపకానికి ఎక్కువగా, దూరపు దానికి తక్కువగా తగులుతుంది. రెండింటి తేడా చూసి నౌక వాటాను తీసేస్తే సౌర పవనపు క్షేత్రం మిగులుతుంది. ఒకే పరికరంలోనూ ఇద్దరు సాక్షులన్నమాట.

ఎదురెదురు రేఖలు తగిలితే

సరిహద్దుకు అటూ ఇటూ ఎదురెదురు దిక్కుల రేఖలుంటాయి. మామూలుగా అవి ఒకదాన్నొకటి తాకకుండా పక్కపక్కన సాగుతాయి. గట్టిగా నొక్కుకుంటే మాత్రం రేఖలు తెగి, అటువైపు రేఖ ఇటువైపు రేఖతో కొత్తగా అతుక్కుంటుంది. క్షేత్రంలో దాగిన శక్తి ఆ క్షణంలో కణాలకు అంది, అవి రెండు వైపులా వేగంగా చిమ్ముకుపోతాయి. దీన్ని మాగ్నెటిక్ రీకనెక్షన్ అంటారు. మనం బలరేఖల తిరగముడి అనుకుందాం. సౌర పవనంలో ఇది జరుగుతుందని 2005లో జాక్ గోస్లింగ్ బృందం ఏస్ నౌక కొలతలతో చూపింది. మరుసటి ఏడాది ఏస్, విండ్, క్లస్టర్ నౌకల కొలతల్ని కలిపి చూస్తే, 2002 ఫిబ్రవరిలో జరిగిన ఒక తిరగముడి కనీసం 25 లక్షల కిలోమీటర్ల పొడవున సాగిందని తేలింది. ఒక్క నౌకతో ఆ పొడవు తెలిసేది కాదు.

2024 మే 10, 11 తేదీల్లో భూమిని తాకిన సౌర తుపానులో ఆదిత్యకు అలాంటి అవకాశమే వచ్చింది. సూర్యుడి మీద ఒకే మచ్చల గుంపు నుంచి వరసగా విస్ఫోటాలు జరిగి, భారీ ప్లాస్మా మేఘాలు ఒకదాని వెనక ఒకటి భూమి వైపు దూసుకొచ్చాయి. 2003 తర్వాత అంతటి భూ అయస్కాంత తుపాను అదే. లద్దాఖ్‌లోని హాన్లే మీద ఆకాశం ధ్రువకాంతితో ఎర్రబడింది. ఆదిత్య కొలతలను విండ్, ఏస్, డిస్కవర్, థెమిస్-సి, స్టీరియో-ఎ, ఎంఎంఎస్ అనే అమెరికన్ నౌకల కొలతలతో కలిపి భారత శాస్త్రవేత్తల నాయకత్వంలో పరిశీలించారు. దారిలో రెండు మేఘాలు ఒకదాన్నొకటి నొక్కుకోగా, ఒక మేఘం లోపలే రేఖలు తెగి తిరిగి అతుక్కున్నాయి. ఆ ప్రాంతం వెడల్పు సుమారు 13 లక్షల కిలోమీటర్లు, భూమి వ్యాసానికి దాదాపు వంద రెట్లు. మేఘాల తాకిడే తుపానును ఇంత తీవ్రం చేసిందని ఇస్రో వివరించింది. ఒక మేఘం లోపలి నిర్మాణాన్ని అంత విస్తారంగా కొలవగలిగారంటే, దూరదూరంగా ఉన్న ఇన్ని నౌకలు ఒకేసారి అక్కడ ఉండబట్టే.

మన గుమ్మం దగ్గర

భూమికీ ఒక అయస్కాంత సరిహద్దు ఉంది. సూర్యుడి వైపున, భూకేంద్రం నుంచి సుమారు 64 వేల కిలోమీటర్ల దగ్గర, భూమి క్షేత్రం సౌర పవనాన్ని ఆపుతుంది. దీని పేరు మాగ్నెటోపాజ్. ఇక్కడ భూమి రేఖలు ఉత్తరానికి చూపుతాయి. వచ్చే గాలిలోని రేఖలూ ఉత్తరానికే చూపుతుంటే పెద్దగా ఏమీ జరగదు. అవి దక్షిణానికి చూపితే ఎదురెదురు రేఖలు తగిలి తిరగముడి పడుతుంది, సూర్యుడి శక్తికి లోపలికి దారి దొరుకుతుంది. 1961లో జేమ్స్ డంజీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ సంగతి ఊహించాడు, తర్వాతి ఉపగ్రహాలు నిజమేనన్నాయి. అందుకే ఎంత వేగంగా వస్తోంది అన్నంత ముఖ్యం ఏ దిక్కుకు చూపుతూ వస్తోంది అన్నది. సూర్యుడి ఫొటో చూసి ఆ దిక్కు చెప్పలేం. గాలి ఎల్1ను దాటేటప్పుడు కొలిస్తేనే కచ్చితంగా తెలుస్తుంది. మామూలు గాలికైతే మనకు గంట వ్యవధి ఉంటుంది, పెద్ద తుపానుకైతే అరగంటే.

ఇదంతా ధ్రువాల దగ్గరి దేశాల బెడద అనుకోకూడదు. 1859 సెప్టెంబరులో బొంబాయి కొలాబా వేధశాల మాపకంలో క్షేత్రం ఒక్కసారిగా దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయింది. 1872 ఫిబ్రవరి 4న బొంబాయి ఆకాశంలో ధ్రువకాంతి కనిపించింది. అరేబియా సముద్రం అడుగున బొంబాయి నుంచి ఏడెన్‌కు వేసిన టెలిగ్రాఫ్ తీగ ఆ రాత్రి సరిగా పనిచేయలేదు. అప్పుడు ఆ తీగ భారతదేశాన్నీ అరేబియా ద్వీపకల్పాన్నీ కలిపేది. ఇప్పుడు ఈ రెండు నేలల మధ్య తెలుగువాళ్ల బతుకులే అల్లుకుని ఉన్నాయి. సౌదీ అరేబియాలోని తాయిఫ్ కొండల మీద పనిచేసే మనిషి రోడ్డు వెతుక్కునేది జీపీఎస్‌తో, టీవీ చూసేది 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుంచి. తాయిఫ్, హైదరాబాద్ రెండూ ఉష్ణమండలానివే. ఇక్కడి పై వాతావరణంలో విద్యుదావేశపు పొర దట్టంగా ఉంటుంది, తుపానులో అది చెదిరితే జీపీఎస్ సంకేతాలు తప్పుతాయి. తీవ్రమైన తుపానులో మాగ్నెటోపాజ్ ఆ టీవీ ఉపగ్రహాల కక్ష్యకంటే లోపలికి నొక్కుకుపోతుంది, అవి కాసేపు నేరుగా సౌర పవనంలో నిలబడాల్సి వస్తుంది. ఆ కుదుపు నేలమీద ఎంత తగిలిందో చెప్పే సాక్షులూ మనకున్నారు. 1904 నుంచి అలీబాగ్, 1964 నుంచి హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ అయస్కాంత వేధశాలలు రాత్రింబవళ్లు కొలుస్తున్నాయి.

2025 సెప్టెంబరు 24న అమెరికా ఐమాప్, స్విఫో-ఎల్1 నౌకలను కూడా ఎల్1 వైపు పంపింది. సాక్షులు పెరుగుతున్నారు, వాళ్ల మాటలు పోల్చి చూసే మనుషులు కూడా పెరగాలి. ఆదిత్య కొలతలను ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. తిరుపతిలో బీఎస్సీ చదివే అమ్మాయైనా, తాయిఫ్‌లో తల్లిదండ్రుల దగ్గరుండి చదువుకునే అబ్బాయైనా వాటిని తీసుకోవచ్చు. మాగ్ కొలతల్లో సూర్యుడి దిక్కు అంకె, దానికి అడ్డదిక్కు అంకె రెండూ ఒకేసారి గుర్తు (ప్లస్, మైనస్) మార్చుకున్న చోటు వెతకండి. ఆ మార్పు కొన్ని నిమిషాల్లో వెనక్కి పోయిందా, రోజుల తరబడి నిలిచిందా చూడండి. అదే వేళకు విండ్ నౌక ఏమందో పోల్చండి. 27 రోజుల తర్వాత అది మళ్లీ వచ్చిందా చూడండి. ఈ మూడు ప్రశ్నలకూ నిలబడిన మార్పు సౌర విద్యుత్ పొరే అయి ఉండాలి. అలాంటిదొకటి మీకు మీరుగా పట్టుకున్న రోజున, సూర్యుడికీ భూమికీ మధ్య శూన్యమే ఉందని మీరు ఇంకెవరికీ చెప్పరు.